కళ్లజోడు ‘ఎడ్జ్ కేస్’ కాదు: హియరింగ్ ఎయిడ్ రివ్యూలు మారాలి

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ‘ఎడ్జ్ కేస్’ అని ఒక మాట ఉంది. ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే ఇబ్బంది అన్నమాట. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టేస్తాం. హియరింగ్ ఎయిడ్ల రివ్యూలు చదువుతుంటే కళ్లజోడునీ అలాగే పక్కన పెట్టేశారనిపిస్తుంది. ఛానెల్స్ ఎన్ని, బ్లూటూత్ ఉందా, ఒక్క ఛార్జ్‌కి ఎన్ని గంటలు, ఐపీ68 రేటింగ్ ఉందా... అన్నీ రాస్తారు. కళ్లజోడుతో పెట్టుకుంటే ఎలా ఉంటుందో మాత్రం ఒక్క లైన్ కూడా కనపడదు.

నలభై దాటాక చత్వారం రానివాళ్లు అరుదు. హియరింగ్ ఎయిడ్ వాడేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు వాళ్లే. అంటే దీన్ని కొనేవాళ్లలో చాలామందికి కళ్లజోడు ముందే ఉంటుంది. అలాంటప్పుడు ఇది ఎడ్జ్ కేస్ ఎలా అవుతుంది? నాకైతే ఇరవైల్లోనే రెండూ వచ్చాయి, రోజూ అనుభవిస్తున్నా.

చెవి వెనకాల ఉండేదే కాస్త జాగా. బీటీఈ మోడల్ అయినా, సన్నటి వైర్‌తో స్పీకర్ చెవిలోకి వెళ్లే ఆర్ఐసీ మోడల్ అయినా, దాని బాడీ కూర్చునేది అక్కడే. కళ్లజోడు కాడ కూడా అక్కడే. దానికి తోడు మాస్క్ ఎలాస్టిక్, బండి మీద హెల్మెట్. మైకులు బాడీ పైభాగంలో ఉంటాయి కాబట్టి కాడ రాసుకుంటే చెవిలో గరగరమంటుంది. కాడ బాడీని తోస్తే చెవిలోని డోమ్ కదిలి కీచుమని విజిల్ వస్తుంది. సాయంత్రానికి చెవి వెనక చర్మం కందిపోతుంది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు తీసి బీరువాలో పెట్టేస్తారు. ఆ ఇంట్లో పెద్దాయన మళ్లీ ‘ఆఁ? ఏంటీ?’ అని అడుగుతుంటారు, కొన్నాళ్లకి అడగడం కూడా మానేస్తారు.

‘చెవి లోపల ఇమిడిపోయే సీఐసీ కొనుక్కోవచ్చుగా’ అంటారు. దాని బ్యాటరీ చిన్నది. మామూలుగా మైక్ ఒకటే ఉంటుంది కాబట్టి హోటల్లాంటి రద్దీ చోట ఎదుటి మనిషి మాటను విడదీసి పట్టుకోవడం కష్టం. వినికిడి బాగా తగ్గినవాళ్లకి సరిపోదు కూడా. ఇక కళ్లజోడులోనే హియరింగ్ ఎయిడ్ పెట్టడం 1950ల నాటి ఐడియానే. ఇప్పుడు న్యూయాన్స్ ఆడియో గ్లాసెస్‌కి 2025లో అమెరికా ఎఫ్‌డీఏ క్లియరెన్స్ వచ్చింది. బాగుంది, కానీ అది కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు వరకు వినికిడి తగ్గినవాళ్లకే. పైగా ముఖం కడుక్కోడానికి కళ్లజోడు తీస్తే వినికిడి కూడా దాంతోనే పోతుంది.

కాబట్టి చాలామంది రెండిటినీ కలిపే వాడుకోవాలి. నా అనుభవంలో పనికొచ్చినవి ఇవి:

ఫ్రేమ్ కాడలు సన్నగా, చివర వంపు తక్కువగా ఉండాలి. మెటల్ లేదా టైటానియం అయితే మేలు. ఫ్యాషన్‌గా ఉంటాయని లావు కాడలు తీసుకుంటే మెషీన్‌కి చోటు మిగలదు.

ఆర్ఐసీ వైర్లలో పొడవు సైజులుంటాయి. పొడవెక్కువైతే వైర్ బయటికి లేచి కాడకి తగులుకుంటుంది, తక్కువైతే బాడీని పైకి లాగుతుంది. సైజు మార్చమని అడగండి.

బ్యాటరీ మార్చుకునే మోడల్స్‌లో 312 నంబర్ (బ్రౌన్ స్టిక్కర్) వాడేవి మామూలుగా 13 నంబర్ (ఆరెంజ్ స్టిక్కర్) వాటికన్నా సన్నగా ఉంటాయి.

ముందు కళ్లజోడు, తర్వాత మెషీన్ పెట్టుకోవడం నాకు కుదిరింది. తీసేటప్పుడు కళ్లజోడుని రెండు చేతులతో నేరుగా ముందుకి లాగండి. ఒక పక్కనుంచి లాగితే మెషీన్ ఎగిరిపడుతుంది.

ఇదంతా వాడేవాళ్లు కిందా మీదా పడి నేర్చుకోవాల్సిన విషయమా? ఫోన్‌ని ఎండలో పెట్టి స్క్రీన్ బ్రైట్‌నెస్ చూసినట్టే, హియరింగ్ ఎయిడ్‌ని కూడా లావు కాడ, సన్న కాడ రెండు రకాల ఫ్రేమ్‌లతో రోజంతా పెట్టుకుని చూసి రివ్యూ రాయాలి. ఫిట్టింగ్ చేసేవాళ్లు ‘కళ్లజోడు తీయండి’ అని మొదలుపెట్టినా, చివర్లో మళ్లీ పెట్టించి చూడాలి. వాళ్లు చూడకపోతే మీరే అడగండి. ట్రయల్‌కి మీ కళ్లజోడు, మాస్క్, హెల్మెట్ మూడూ తీసుకెళ్లండి. అక్కడే పెట్టి, తీసి, వంగి, తల తిప్పి చూశాకే డబ్బులు కట్టండి.