వేసవిలో నీళ్లు పోసేదెవరు?

వానలు పడి నేల పదునెక్కగానే మన పాఠశాలల్లో మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. ముందురోజే గుంతలు తీయిస్తారు. పిల్లలను ఎండలో వరుసగా నిలబెడతారు. ముఖ్య అతిథి వచ్చి మొక్క మీద చేయి వేస్తారు, చుట్టూ పదిమంది చేరతారు, ఫొటో తీస్తారు. మరుసటి ఏడాది అదే గుంతలో మరో మొక్క, పక్కన మరో అతిథి. పోయిన ఏడాది మొక్క ఏమైందని అడిగేవారు కనిపించరు. అడిగితే శుభమా అని సభ జరుగుతుంటే ఇదేం ప్రశ్న అన్నట్లు చూస్తారు.

హైదరాబాదు నుంచి మెదక్ వెళ్లే రోడ్డులో నర్సాపూర్ దాటాక కౌడిపల్లి వస్తుంది. చెట్టంటే తెలియని ప్రాంతమేమీ కాదిది. మోదుగ, నల్లమద్ది, సీతాఫలం ఎవరూ నాటకుండానే పెరిగే నేల. ఈ మండలంలో ఒక ఊరి పేరే తునికి. బీడీలు చుట్టే ఆకు ఆ పేరుగల చెట్టుదే. పాత మెదక్ జిల్లాలోనూ, నిజామాబాదు వైపునా ఎన్నో ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్లు ఆ ఆకు కత్తిరించి, బీడీలు చుట్టి పిల్లలను చదివించుకున్నారు. అడవి బాగుంటే మనకేమిటి అనుకునే అవకాశం కనీసం ఆ ఇళ్లకు లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. మూడేళ్లలో 230 కోట్ల మొక్కలు, రాష్ట్రంలో పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి అని లక్ష్యం పెట్టుకున్నారు. ఆరో విడతను 2020 జూన్ 25న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు కౌడిపల్లికి కూతవేటు దూరంలోని నర్సాపూర్ అడవిలోనే ప్రారంభించారు. పంచాయతీకొక నర్సరీ పెట్టారు. ట్రాక్టరు, ట్యాంకరు ఇచ్చారు. వీటన్నిటికంటే గట్టిది 2018 పంచాయతీరాజ్ చట్టం. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, ఆ బాధ్యత సర్పంచిది, పంచాయతీ కార్యదర్శిదని అందులో రాశారు. పంచాయతీ బడ్జెట్లో పదిశాతం పచ్చదనానికే కేటాయించాలన్నారు.

రాత బాగానే ఉంది. అయితే 2024 జనవరితో సర్పంచుల పదవీకాలం ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. నడుమ రెండు వేసవులు గడిచిపోయాయి. ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. మొక్క ఎండితే జవాబు చెప్పాలని చట్టం ఎవరి పేరు రాసిందో ఆ మనిషే ఊళ్లో లేని రెండు వేసవులవి. కొత్త సర్పంచులు వచ్చారు గనుక ఈ సంగతి ఇప్పుడు గుర్తు చేయవలసి వస్తోంది.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక తెలంగాణలో అటవీ విస్తీర్ణం 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందని చెప్పింది. 2023 నివేదిక దాదాపు 100 చదరపు కిలోమీటర్లు తగ్గిందని చెప్పింది. ఒకరు మొదటిదాన్ని, మరొకరు రెండోదాన్ని పట్టుకుని వాదులాడుకోవచ్చు. మన బడికి ఆ రెంటితోనూ పనిలేదు. ఆ లెక్క ఉపగ్రహ చిత్రాలతో వేసేది. ఒక హెక్టారుకు తక్కువైన జాగా అందులోకి రాదు. బడి ఆవరణలోని ఇరవై మొక్కలు ఏ ఉపగ్రహానికీ ఆనవు. వాటి లెక్క బడే రాసుకోవాలి, ఊరే చూసుకోవాలి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. బడి క్యాలెండరు వేరు, మొక్క క్యాలెండరు వేరు. జూలైలో నాటిన మొక్కకు వానకాలమంతా ఎవరి అవసరమూ ఉండదు. చలికాలంలో వారానికి ఒకసారి ఎవరో ఒకరు చూసినా నెగ్గుకొస్తుంది. దానికి గండం మార్చిలో మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఒంటిపూట బడులు మొదలవుతాయి. పదో తరగతి పిల్లలు పరీక్షల్లో మునిగి ఉంటారు, ఉపాధ్యాయులు పరీక్షల విధుల్లో తిరుగుతుంటారు. ఏప్రిల్ చివరి వారంలో బడికి తాళం పడుతుంది. మళ్లీ తెరిచేది జూన్ 12న. ఆ యాభై రోజులూ మెదక్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మొక్క చచ్చేది ఆ యాభై రోజుల్లోనే. జూన్లో తిరిగొచ్చిన పిల్లవాడికి తన పేరు కట్టిన కర్ర కనిపిస్తుంది, మొక్క కనిపించదు. పెద్దవాళ్లు చేసే పనులు ఇలాగే ఉంటాయని ఆ పిల్లవాడు నేర్చుకుంటే తప్పెవరిది?

పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1991లోనే ఆదేశించింది. 2001-02 నుంచి నేషనల్ గ్రీన్ కోర్ పేరిట బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో పాఠాలూ వచ్చాయి. పాఠం చదివి మార్కులు తెచ్చుకోవడానికి వేసవి సెలవులు అడ్డురావు. మొక్కకు మాత్రం వస్తాయి.

కొన్ని చిన్న సంగతులు సరిచేసుకుంటే సగం పని అవుతుంది. మొక్కను పదో తరగతి వాళ్లకు అప్పగించడం చాలా బడుల్లో అలవాటు, పెద్దపిల్లలు కదా అని. వాళ్లు మార్చి తర్వాత ఆ గేటు దాటి వెళ్లిపోతారు, మొక్క అనాథ అవుతుంది. ఆరో తరగతికి అప్పగిస్తే అదే పిల్లలు ఐదేళ్లు దాన్ని చూస్తారు. వాళ్లు బడి వదిలేనాటికి అది నీడనిచ్చే చెట్టు అవుతుంది. అలాగే అతిథి వీలు కోసం సెప్టెంబరు దాకా ఆగడం. వానలు మొదలైన పక్షంలో నాటితే వేరు దిగడానికి మూడు నాలుగు నెలలు దొరుకుతాయి. ఆలస్యమైతే వేరు పైపైనే ఉండగా ఎండలు వస్తాయి. అతిథికి వీలు కాకపోతే ఏమవుతుంది, ఊళ్లో అందరికంటే పెద్ద వయసు రైతును పిలిస్తే సరిపోదా? ఆయనకు గుంత ఎంత లోతు తీయాలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుపోయిన వేళ్లను ఎలా విడదీయాలో కూడా తెలుసు. చుట్టూ తుమ్మకంప కట్టకుండా నాటితే మాత్రం అది మేకలకు పెట్టిన దాణా. మేకలు మనలో చాలామంది ఇళ్లలోనే ఉన్నాయి గనుక ఈ మాట మనకే ముందు తగులుతుంది.

ఏ మొక్క నాటుతున్నామన్నది కూడా చూడాలి. ఆ మధ్య ఎక్కడ చూసినా కోనోకార్పస్ నాటారు. తొందరగా పెరుగుతుంది, పచ్చని గోడలా కనిపిస్తుంది. దాని కాయ పిట్టకు పెద్దగా పనికిరాదు. ఫిర్యాదులు వచ్చాక 2022లో తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటవద్దంది. వేప, కానుగ, అల్లనేరేడు, చింత ఉండగా ఎక్కడిదో తెచ్చి పెట్టుకోవడం ఎందుకు? వేపపండ్లు, నేరేడుపండ్లు రాలేది సరిగ్గా బడి తెరిచే రోజుల్లోనే. వాటి గింజలు ఎక్కువ కాలం నిలవ ఉండవు, వెంటనే నాటాలి. పిల్లల చేత గింజలు ఏరించి బడిలోనే నారు పోయిస్తే నర్సరీ బండి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి దరిపల్లి రామయ్య జీవితమంతా చేసింది ఇంతే. గింజలు ఏరడం, సైకిలు మీద తిరుగుతూ నాటడం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు. ఆయన చెట్లు ఉన్నాయి.

చెట్టు నాటితే దాని ఫలాన్ని మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది దానమేనన్న హదీసును మన సభల్లో తరచూ వింటాం. వినేటప్పుడు ఒక్క సంగతి గమనించాలి. తినడానికి పండు ఉండాలి, పండు కాయడానికి చెట్టు బతకాలి. ఆ పుణ్యం గుంత తవ్విన రోజుతో ముగిసేది కాదు.

మనవైపు నుంచి ఊళ్లోని మసీదు కమిటీలు చేయగలిగింది ఒకటుంది. డబ్బుతో పెద్దగా పనిలేదు. వుజూ నీరు రోజుకు ఐదుపూటలు మోరీలోకి పోతోంది. అందులో సబ్బు లేదు, మందు లేదు. కుళాయి విప్పి వుజూ చేస్తే ఒక్కొక్కరికి మూడు లీటర్లకు తక్కువ పోదు. (దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కూడా లేని నీటితో వుజూ చేసేవారని చదువుకున్న మనమే ఇలా పారబోస్తున్నాం. ఆ చర్చ మరోసారి.) రోజు మొత్తం మీద నలభై మంది వుజూ చేసినా 120 లీటర్లు. చిన్న మొక్కకు వేసవిలో వారానికి రెండుసార్లు పది లీటర్ల చొప్పున పోస్తే బతుకుతుంది. లెక్క వేసుకోండి, ఆ మోరీ నీటితో నలభై మొక్కలు యాభై రోజులు దాటేస్తాయి. కావలసిందల్లా ఒక పైపు, ఒక తొట్టి, సైకిలు మీద రెండు డబ్బాలు. మసీదు బడికి దూరమైతే ఖబరస్తాన్ ప్రహరీ వెంబడి నాటుకోవచ్చు. మన ఖబరస్తాన్లలో పాత వేపలు, చింతలు ఇంకా నిలిచి ఉన్నాయంటే అక్కడ నాగలి కదలదు, గొడ్డలి జంకుతుంది గనుకనే.

బడి తెరిచి ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు చేతులు, పళ్లాలు కడిగే నీళ్లూ అంతే. కుళాయిల కింద ఇసుక, గులకరాళ్లు పోసిన చిన్న గుంత, అక్కడి నుంచి చెట్ల పాదులకు కాలువ. ఒక మేస్త్రీ ఒక పూట పని. మైనారిటీ గురుకులాల్లో మాత్రం మరో చిక్కు ఉంది. వాటిలో అనేకం అద్దె భవనాల్లో నడుస్తున్నాయి. నేడో రేపో ఖాళీ చేసే చోట చెట్టు నాటమని పిల్లలకు చెప్పడం ఎలా? వారికి ఊళ్లోని ఈద్గానో, రోడ్డు పక్క కొంత దూరమో అప్పగించాలి.

సలహా కోసం దూరం పోనక్కరలేదు. మండలంలోని తునికి గ్రామంలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రైతులకు చెప్పే మాటలే బడిపిల్లలకూ పనికొస్తాయి. అదే పాత మెదక్ జిల్లాలో, జహీరాబాద్ దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1993లో పచ్చసాలె అనే బడి పెట్టింది. అక్కడ సేద్యం, చెట్ల పెంపకం చదువుకు ఆటవిడుపుగా గాక చదువులో భాగంగానే నేర్పారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో సంఘం మహిళలు బంజరు భూముల్లో అడవులే పెంచారు. అక్షరాలు రాని ఆడవాళ్లు చేసి చూపిన పని అది. ఆఫ్రికాలోని కెన్యాలో 1977లో వంగారి మాథాయ్ మొదలుపెట్టిన ఉద్యమంలోనూ చెట్లు పెంచింది పల్లె మహిళలే. అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నారు: నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకే కొద్దిపాటి డబ్బు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన బడుల్లో కూడా జూలైలో బహుమతులు ఇవ్వడం మాని, జూన్ 12న బడి తెరిచిన రోజున మొక్కలు లెక్కపెట్టి ఇస్తే సరి. ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయించాలి. పోయినవి ఎన్నో కూడా అక్కడే రాయాలి.

ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా ప్రధానోపాధ్యాయుడు, కొత్త సర్పంచు, మసీదు కమిటీ, గుడి కమిటీ ఒక్కసారి కూర్చోవాలి. సభ అవసరం లేదు, అరగంట చాలు. పంచాయతీ ట్యాంకరు వారంలో ఏ రోజు బడికి వస్తుంది, డీజిల్ ఖర్చు ఆ పదిశాతం నిధిలోంచి ఎవరు రాయిస్తారు, బడి పక్కనే ఇళ్లున్న పిల్లల్లో ఎవరి వంతు ఎప్పుడు అన్నది కాగితం మీద పెట్టుకోవాలి. అన్నిటికంటే ముందు, సెలవుల్లో బడి గేటు తాళంచెవి, బోరు స్టార్టరు గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటాయో తేల్చుకోవాలి.