వేరు కుంపటికి ఒప్పుకోని అమెరికా జోనింగ్

డ్యూప్లెక్స్ అంటే హైదరాబాద్‌లో మనకు తెలిసిన అర్థం ఒకటే. కింది అంతస్తునూ పై అంతస్తునూ లోపలి మెట్లతో ఒకే కుటుంబం వాడుకునే ఇల్లు. అమెరికాలో ఈ మాట అర్థం తిరగబడుతుంది. అక్కడ డ్యూప్లెక్స్ అంటే ఒకే కట్టడంలో రెండు వాటాలు. ఎవరి వంటగది వారిది, ఎవరి తలుపు వారిది. అక్కడ స్థిరపడిన అన్నదమ్ములు ఒక పాత ఇల్లు కొని రెండు వాటాలు చేసుకుందామని, అమ్మీ అబ్బాలను కూడా దగ్గర ఉంచుకుందామని అనుకోవడం సహజమే. డబ్బు సమకూరినా, ఇల్లు దొరికినా, జోనింగ్ అడ్డుపడవచ్చు.

ఏ వీధిలో ఏ రకం కట్టడం ఉండాలో నగరపాలక సంస్థ నిర్ణయించడమే జోనింగ్. అక్కడి నగరాల్లో నివాసస్థలంలో ఎక్కువ భాగాన్ని ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఒకే ఇల్లు అన్న పద్ధతికి కేటాయించారు. అందులో ఎన్ని పడకగదులున్నా పెద్దగా పట్టించుకోరు. రెండో వంటగది పెట్టి, వేరే ద్వారం తెరిస్తే మాత్రం అది రెండో నివాసమైపోతుంది.

దీని పుట్టుక చూడాలి. శరీరవర్ణాన్ని బట్టి వీధులను విడదీసిన లూయీవిల్ నగర శాసనాన్ని 1917లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ కేసులో మాత్రం కట్టడాల రకాన్ని బట్టి విడదీయడం చెల్లుతుందన్నది. అపార్ట్‌మెంట్ భవనాన్ని ఆ తీర్పు పరాన్నజీవి అని వర్ణించింది! రంగు పేరు చెప్పి ఆపలేనివారిని ఇంటి ధరే ఆపింది.

అదే ఒహాయోలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో కుటుంబమంటే ఎవరెవరో కూడా నగరమే నిర్ణయించింది. ఇద్దరు కొడుకుల పిల్లలను, అంటే ఒకరికొకరు పెదనాన్న, చిన్నాన్న బిడ్డలైన ఇద్దరు మనవలను, ఒకే ఇంట్లో ఉంచుకున్నందుకు ఒక నాయనమ్మకు 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా విధించారు. వారిలో ఒకడు తల్లి లేని పిల్లవాడు. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. కలిసి ఉండే హక్కు దక్కింది గానీ, వేరు కుంపటి హక్కు ఆ తీర్పుతో రాలేదు.

ఇటీవల కొన్నిచోట్ల ద్వారాలు తెరుచుకున్నాయి. జనాభా 10,000 దాటిన నగరాల్లో ఒంటి ఇంటికి వీలున్న ప్రతి స్థలంలోనూ డ్యూప్లెక్స్‌ను అనుమతించాలని ఓరెగాన్ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. మినియాపొలిస్‌లో 2020 నుంచి మూడు వాటాలకు వీలు కల్పించారు. అయితే ఆ ప్రణాళిక కోర్టుల్లో చిక్కుకుని, 2024లో రాష్ట్ర శాసనసభ కలుగజేసుకున్నాక గానీ తేరుకోలేదు. హ్యూస్టన్‌లో జోనింగే లేదు. కానీ చాలా కాలనీల్లో దస్తావేజుల్లోని షరతులే ఆ పని చేస్తాయి.

అప్పటికే రెండు వాటాలున్న ఇల్లు దొరికిందని సంబరపడనక్కరలేదు. నియమం రాకముందు నుంచి ఉన్న వాటా అయితే సాగనిస్తారు. కొంతకాలం ఖాళీగా ఉంచితే చాలా ఊళ్లలో ఆ హక్కు పోతుంది. జోనింగ్ ఒప్పుకున్నా కారు నిలిపే చోటు, వాటాల మధ్య మంటను ఆపే గోడ వంటివి చూపించాల్సి రావచ్చు. ఏజెంటు నోటిమాట వీటిలో దేనికీ పనికిరాదు. నగర కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అనుమతి రాకపోతే బయానా వాపసు ఇవ్వాలన్న షరతును కొనుగోలు ఒప్పందంలోనే, సంతకానికి ముందే రాయించుకోవాలి.