శిశుతరగతిలో చుక్కపాట

గడచిన వార్షికోత్సవమునాడు మా శిశుతరగతి పిల్లలు నలువదిమంది రంగస్థలముపై వరుసగా నిలిచి, ఇంగ్లీషున మిక్కిలి ప్రసిద్ధమైన చుక్కపాటను చేతులు త్రిప్పుచు పాడిరి. ఒక్క మాటయు తప్పలేదు. పెద్దలు కరతాళధ్వనులు చేసిరి. మేమును సంతసించితిమి. మరునాడు తరగతిలో ఒక చిన్నదానిని చేరబిలిచి, "ఏమమ్మా, స్టార్ అంటే ఏమిటి?" అని యడిగితిమి. ఆ పిల్ల తడవుకొనక, గోడమూలనున్న కఱ్ఱపుల్లకు అంటించిన బంగారుకాగితపు బొమ్మను వ్రేలితో చూపినది. "అది ఎక్కడుంటుంది?" అంటిమి. "బీరువాలో, టీచర్‌గారూ!" అన్నది.

ఆ బిడ్డ తప్పు చెప్పలేదు. మేము చూపినదానినే చెప్పినది. నెలదినములు ఆ పాటను వల్లింపజేసితిమి గాని, ఒక్క సాయంకాలమైనను ఆకాశమువంక చూడుమని చెప్పినవారము కాము. ఆ దినమునుండి మాకు తోచిన యభిప్రాయమును ఈ సంచికయందు చదువరులకు విన్నవింపదలచితిమి. శిశువులకు పాట వలదని మేమనము. ఇంగ్లీషుపాట వలదనియు ననము. పాటలోని వస్తువును కన్నులకును, పాటలోని లయను కాలుసేతులకును అందించిన పిమ్మటనే దానిని నాలుకపై నిలుపవలెనని మాత్రము మా వాదము.

ఈ పాట వట్టి ప్రాసలమూట కాదు. జేన్ టెయిలర్ అను ఆంగ్లకవయిత్రి దీనిని వ్రాసినది. ఆమెయు, ఆమె యక్కయగు ఆన్‌యు రచించి 1806లో లండనునందు ప్రకటించిన శిశుగీతముల సంపుటిలో ఇది "ది స్టార్" అను పేర వెలువడినది. దీనికి ఐదు చరణములు గలవు. మనము నేర్పునది మొదటిదానిని మాత్రమే. తక్కిన చరణములలో ప్రొద్దు క్రుంకిన తరువాత చీకటిలో పోవు బాటసారి యొకడున్నాడు. ఆ చిన్నవెలుగే లేకున్న అతనికి త్రోవ తెలియదు. వేగుచుక్క పొడుపు చూచి బండ్లు కట్టిన మన పల్లెటూరి పెద్దలకు ఈ భావము క్రొత్తది కాదు. ఆ బాటసారిని మనము పాటనుండి తొలగించి, చుక్కను బీరువాలో పెట్టితిమి.

ఇక నేర్పు విధమును చెప్పెదము. దీనికి చలికాలము తగినది. అప్పుడు ప్రొద్దు త్వరగా క్రుంకును, ఆకాశము నిర్మలముగా నుండును, పిల్లలు నిద్రపోకమునుపే చుక్కలు కనబడును. మొదటిదినమున పాట యెత్తనే రాదు. "ఈ రాత్రి బిడ్డను డాబామీదికో వాకిటిలోనికో తీసికొనిపోయి, మొదట కనబడిన చుక్కను చూపుడు" అని తల్లిదండ్రులకు కబురంపవలెను. మరునాడు పిల్లలందరు చుట్టును కూర్చుండి, చూచినదానిని ఇంటిభాషలోనే చెప్పుదురు. ఒకడు "మినుకుమంది" అనును. ఒకతె "మా చింతచెట్టు మీద ఉంది" అనును. వీధిదీపమును చూచి చుక్క యనుకొన్నవాడును ఉండును. వానిని చూచి నవ్వరాదు. మరల చూచి రమ్మనవలెను.

రెండవ పని చేతులది. మినుకుమనుటను మాటలతో వివరింపనక్కరలేదు. పిడికిళ్లు మూయుచు తెఱచుచు నుండిన చాలును. తరువాత చప్పట్లు. ఈ పాటలో పంక్తికి నాలుగు చప్పట్లు; పాడునపుడు ఆరు పంక్తులు; మొత్తము ఇరువదినాలుగు. మాటలు లేకయే చప్పట్లతో మాత్రము పాటను ముగింపగల బిడ్డ, మాటలు వచ్చినపుడు తడబడదు.

మూడవది స్వరము. ఈ పాటకు వాడు రాగము ఫ్రాన్సుదేశపుది, 1761లోనే అచ్చుపడినది. పాట పుట్టుటకు పూర్వమే మోజార్టు మహాశయుడు దానిపై పండ్రెండు మార్పుల వరుసను కల్పించెను. మన పరిభాషలో చెప్పవలెనన్న, శంకరాభరణస్వరములలో నిషాదమును విడిచి తక్కిన ఆరును ఇందున్నవి. షడ్జమునుండి ఒక్క గంతున పంచమమున కెగసి, ధైవతమును తాకి, మెట్టు మెట్టుగా షడ్జమునకు దిగును. పిల్లలను నేలపై కూర్చుండబెట్టి, స్వరము ఎగసినపుడు లేచి చేతులెత్తుమనియు, దిగినపుడు మెల్లగా వంగి కూర్చుండుమనియు చెప్పిన, ఆ ఎత్తుపల్లములు వారి యొడలికే తెలియును.

నాలుగవది ఆట. తలుపులు దగ్గరగా వేసి గదిని కొంచెము చీకటి చేయవలెను. ఒక బిడ్డ చేత చిన్న దీపము పట్టుకొని బల్లపై నిలుచును, అది చుక్క. ఒక బిడ్డ బాటసారి. పీటల నడుమనుండి దీపమును చూచుచు నడచును. తక్కినవారు పాడుదురు. దీపమును కొంగుతో కప్పినపుడు బాటసారి ఆగును, తీసినపుడు నడచును. వెలుగు ఏల కావలెనో ఉపన్యాసము లేకయే బోధపడును. ఆట ముగిసినపిమ్మట వంతు మారవలెను. బిడియపడు బిడ్డకు మొదట దీపమునే యీయవలెను, కదలనక్కరలేదు గనుక.

ఐదవది ముగ్గు. తెలుగున "చుక్క" యనునది ఎంత చక్కని మాట! ఆకసమున నున్నదియు చుక్కయే, ముగ్గులో పెట్టునదియు చుక్కయే, చూరునుండి రాలు నీటిబొట్టును చుక్కయే. సంక్రాంతిముందు దినములలో ప్రతి వాకిటను చుక్కలముగ్గు లుండును. పిల్లలచేత నల్లపలకపై చుక్కలు పెట్టించి, ఆకసములో చూచినవానివలె పేర్చుకొనుమన్న, ఇంగ్లీషుపాటకును అమ్మమ్మ ముగ్గునకును వంతెన పడును. ఇంటిలో చందమామనుగూర్చి విన్న పాటను పాడి వినిపింపుమని ప్రతి బిడ్డ నడుగవలెను. ఆ పాటకును తరగతిలో ఇంగ్లీషుపాటతో సమానమైన పీట వేయవలెను.

ఇది యంతయు క్రొత్తమాట కాదు. కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టిన జర్మనుదేశపు ఫ్రోబెల్ పండితుడు 1844లోనే తల్లులకొఱకు పాటలను వ్రేళ్ల ఆటలతో కూర్చి గ్రంథముగా ప్రకటించెను. మన దేశమున 2020లో వెలువడిన జాతీయవిద్యావిధానము సైతము మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్లవరకు చదువు ఆటపాటలతో సాగవలె ననుచున్నది. ఇంత చెప్పబడినను శిశుతరగతులలో చేతులు కట్టుకొని వల్లించుటయే నేటికిని పెక్కుచోట్ల గానవచ్చుచున్నది.

మాకు రెండు ఆక్షేపణలు వినవచ్చినవి. నలువదిమంది పిల్లలకు ఒక యుపాధ్యాయిని. ఇన్ని ఆటలకు కాలమెక్కడిది? అనునది మొదటిది. నిజమే. సంవత్సరమున ముప్పది పాటలను నేర్పుట మా యాచారము. పదింటితో చాలించిన, ఒక్కొక్క పాటకు మూడువారములు దొరకును. ముప్పది వల్లించి మఱచుటకంటె పది చవిచూచుట మేలు గదా!

రెండవ ఆక్షేపణ బలమైనది. జోలపాట యర్థము ఉయ్యాలలోని బిడ్డకు తెలియునా? తెలియకున్నను సుఖముగా నిద్రించుటలేదా? శబ్దమాధుర్యమే చాలదా? అని ఒక పెద్దలు మమ్ము నడిగిరి. మేము కొంతతడవు ఆలోచించితిమి. జోలపాట ఒంటరిగా రాదు. ఉయ్యాల యూపుతోడను, తల్లి చేతి వెచ్చదనముతోడను వచ్చును. నిద్రయే దాని యర్థము. ఆ యర్థము బిడ్డకు సంపూర్ణముగా అందినది. వార్షికోత్సవపు వరుసలో నిలిచిన బిడ్డకు అందినదేమి? మాట మఱచిపోవుదునేమో యను భయము తప్ప వేఱొకటి కానరాదు.

మాకు అన్నిటికంటె బాధ కలిగించు సంగతి యిక ముందున్నది. పదవతరగతి విద్యార్థి గైడులోని జవాబును అర్థము తెలియక బట్టీపట్టి వ్రాసినపుడు మనము కోపింతుము. "నీ మాటలతో వ్రాయరా" అందుము. ఆ యలవాటు వానికి ఎవరు నేర్పిరి? అర్థము లేకున్నను మాట పలుకవచ్చును, పలికినచో పెద్దలు మెచ్చుకొందురు అను పాఠమును మూడేండ్లనాడు ఈ గోడలమధ్యనే మనము నేర్పితిమి. మొదటి పాఠమును మార్చక కడపటి పాఠమును దండించుట న్యాయము కాదు.

కావున రాబోవు వార్షికోత్సవమున శిశుతరగతిని రంగస్థల మెక్కింపవలదని మా మనవి. దానికి బదులు తల్లిదండ్రులనే తరగతిగదికి ఆహ్వానింతము. వారును పిల్లలతోగూడ నేలపై కూర్చుండి చప్పట్లు కొట్టుదురు గాక. ఎవరో యొక తండ్రి బాటసారియై పీటలమధ్య నడచును గాక. ఆ దినమున ఒక మాట తప్పినను మేము చింతింపము. చుక్క యెక్కడ నుండునని యడిగినపుడు బిడ్డ బీరువావంక గాక కిటికీవంక చూచిన, మా శ్రమ ఫలించినదని తలంచెదము.