పసరుకూ పరీక్ష కావాలి

పొలం గట్ల మీద, వాన వెలిసిన పెరట్లో జానెడు ఎత్తున మొలిచే మొక్క నేల ఉసిరి. రెమ్మను తిరగేసి చూస్తే ఆకుల అడుగున ఆవగింజలంత కాయలు వరుసగా వేలాడుతుంటాయి. కళ్లు పచ్చబడితే చాలు, దీన్ని నూరి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం, చప్పిడి పత్యం పెట్టడం మన పల్లెల్లో తరాల అలవాటు. ఆ పసరులో నిజంగా మందుందా?

మద్రాసు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని నోబెల్ పొందిన బరూచ్ బ్లంబర్గ్ తదితరులు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టారు. వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారికి నేల ఉసిరి పొడిని నెల రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి గుళికలు మింగిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. 1988లో లాన్సెట్ పత్రిక దీన్ని ప్రచురించగానే ఎన్నో ఆశలు చిగురించాయి. కానీ థాయ్‌లాండ్‌లోనూ ఇతర చోట్లా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. 2011లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ వడపోసిన కోక్రేన్ సమీక్ష, ఉత్తుత్తి మందు కన్నా ఇది మేలని నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది.

మరి ఊళ్లో ఇంతమందికి ఎలా నయమైంది? కామెర్లు ఒక లక్షణం మాత్రమే. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ పేరు పసరుకు దక్కుతుంది. కానీ పిత్తనాళంలో రాయి అడ్డుపడినవారికి, కాలేయం లోలోపల దెబ్బతింటున్నవారికి ఆ వారాలే ప్రాణాంతకం కావచ్చు.

అలాగని పెరటి మొక్కలన్నీ వట్టివేనని కొట్టిపారేయలేం. మన వాకిళ్లలో పూసే బిళ్లగన్నేరునే చూడండి. జమైకాలో మధుమేహానికి దీని ఆకుల కషాయం తాగేవారు. అక్కడి నుంచి 1952లో వచ్చిన ఆకులను కెనడాలో రాబర్ట్ నోబుల్ ఎలుకలపై పరీక్షించారు. చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు తగ్గాయి. ఆ ఆనవాలు పట్టుకుని నోబుల్, చార్లెస్ బీర్ విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. అదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందు. జనం చెప్పిన జబ్బు వేరు, దొరికిన మందు వేరు. ఆ ఆకును పరీక్షించబట్టే అది బయటపడింది.

నేల ఉసిరి పేరుతో పిలిచే జాతులు ఒకటికి మించి ఉన్నాయి. చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ జాతి, ఏ నేలలో, ఏ కాలంలో కోసింది, అందులో ఏ రసాయనం ఎంత ఉందన్నది తేలనిదే ఒక పరీక్షను మరో పరీక్షతో పోల్చలేం. మన నిబంధనల ప్రకారం గ్రంథోక్త ఔషధాలకు కొత్తగా క్లినికల్ పరీక్షలు లేకుండానే లైసెన్సు వస్తుంది. ఈ పద్ధతి మారాలి. ఆయుష్ కళాశాలలు, వైద్య కళాశాలలు కలిసి పరీక్షలు జరపాలి. విఫలమైన ఫలితాలను కూడా దాచకుండా ప్రకటించాలి.

అడవిలో ఏ ఆకు ఎందుకు పనికొస్తుందో తరతరాలుగా గుర్తుపెట్టుకున్న గిరిజన వైద్యులకు మనం ఇవ్వగల గౌరవం ఇదే. ఈలోగా కళ్లు పచ్చబడిన మనిషికి ముందుగా చేయించాల్సింది రక్తపరీక్ష.