ముడత ఏ వైపో చెబితేనే సరైన మందు

‘మిరపకు ముడత వచ్చింది, ఏ మందు కొట్టాలి?’ అని అడిగితే 2022లో వచ్చిన చాట్‌జీపీటీ క్షణంలో జవాబిస్తుంది. అది ఏ చేనుకూ అతకదు. ఫొటో పంపితే తప్ప చేను దానికి కనబడదు. రైతు చెప్పిందే ఆధారం. ఆకు పైకి ముడిస్తే సాధారణంగా తామర పురుగు, కిందికైతే నల్లి. మందులు వేరు. 2021-22లో నల్ల తామర పురుగు దెబ్బ తిన్న గుంటూరు, ఖమ్మం రైతులకు వృథా మందు ఖర్చేమిటో తెలుసు.

కనుక ముడత ఏ వైపో, పైరు వయసెంతో, ఇదివరకు ఏం కొట్టారో, ఎన్నాళ్లయిందో చెప్పాలి. (మందుల దుకాణంలోనూ ఇవన్నీ అడిగేవారు తక్కువే.) ‘ఇంకేం తెలియాలో ముందు నన్నడుగు’ అని చేరిస్తే మరీ మేలు. మోతాదు మాత్రం అది తప్పు చెప్పినా ధీమాగానే చెబుతుంది. డబ్బా మీది చీటీతో, వ్యవసాయాధికారితో సరిచూసుకున్నాకే నీళ్లలో కలపాలి.