మత్తు వైద్యుని మాటకు విలువ లేదా?

శస్త్రచికిత్సాలయమున రోగి ప్రాణము నెవ్వరు కాపాడుచున్నారని యడిగిన, పెక్కురు కత్తి పట్టినవారినే చూపుదురు. రోగి తలవైపున నిలిచి, వాని యూపిరిని తన చేతిలో నుంచుకొన్న వైద్యుడు ఉత్త "మత్తిచ్చువాడు"! ఎం.బి.బి.యస్. ముగించి మఱి మూడేండ్లు ఈ శాఖయందే శ్రమించు యువతీయువకులను "మీరును డాక్టరేనా?" యని రోగుల బంధువు లడుగుచున్నారు. వారి యజ్ఞానమును క్షమింపవచ్చును. పెద్ద వైద్యులే యట్లు తలచిన నేమందుము?

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. క్లోరోఫారము ముందుగా నాపునది గుండెనా, ఊపిరినా యని 1888, 1889 సంవత్సరములలో విచారించిన రెండు సంఘములును హైదరాబాదుననే కూర్చున్నవి. మొదటి తీర్పును లండను లాన్సెటు పత్రిక శంకింపగా, నిజాము ధనమిచ్చి యా పత్రికవారి ప్రతినిధినే రప్పించెను. బ్రంటను పండితుడు వచ్చెను. ఊపిరిని కనిపెట్టియున్న చాలునన్న ఎడ్వర్డు లారీ వాదము తుదకు నిలువలేదు. స్వల్పమాత్రలోనే క్లోరోఫారము గుండెను హఠాత్తుగా చెడగొట్టగలదని 1911లో లీవీ చూపెను. నిలువకున్న నేమి? మత్తు కొఱకు లోకపు వైద్యులు హైదరాబాదువైపు చూచిన కాలమది. అచ్చటి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ యీ విద్యయందే పేరు గాంచినది.

నేడో! శిక్షణలోనున్న వైద్యుడు "ఇతడు అన్నము తిని వచ్చినాడు, ఇది తొందరపడవలసిన కేసు కాదు, ఆగవలెను" అన్నచో, "నీవు మత్తిమ్ము, తక్కినది మేము చూచుకొందుము" అని గద్దించువారు లేరా? కడుపులోని యన్నము ఊపిరితిత్తులలోనికి దిగిన, చచ్చునది రోగి, గద్దించినవాడు కాడు. మూడేండ్లు తన్ను తాను ఒకరి సహాయకునిగానే యెంచుకొన నేర్చినవాడు నాల్గవయేట "ఆగుడు" అని గట్టిగా ననగలడా? 2020, 2021 సంవత్సరములలో కరోనా రోగుల గొంతులో గొట్టము దింపి వెంటిలేటరు నడిపినది వీరే. నాడు చప్పట్లు కొట్టిన జనులు నేడు వీరి పేరైన నెఱుగరు.

గౌరవసభలు, శాలువలు మే మడుగము. శస్త్రచికిత్సకు ముందునాడు మత్తు వైద్యుడే రోగిని కలిసికొని తన పేరును, తాను చేయబోవు పనియు చెప్పవలెను. ఆతడు ఆగుమన్న మాటను త్రోసిపుచ్చు శస్త్రవైద్యుడు, ఎంత పెద్దవాడైనను సరే, కారణమును కేసు కాగితముపై స్వహస్తముతో వ్రాసి సంతకము చేయవలెను. ఆసుపత్రుల యధికారు లీ చిన్నపనిని రేపే చేయవచ్చును. ఏల చేయరో చెప్పుదురుగాక!