ముత్తవ్వల పేర్లు రాసిపెడదాం

ఈ సంచిక కోసం కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, గోదావరిఖని కుటుంబాలు పంపిన వంశవృక్షాలన్నీ చూశాం. తాత, ముత్తాత, ఆయన తండ్రి దాకా మగవాళ్ళ పేర్లు వరుసగా ఉన్నాయి. ఆడవాళ్ళ పేర్లు మాత్రం రెండు తరాలు దాటితే కనబడవు. ఆ ఖాళీలు నింపడం ఈ ఏడాది మన సంఘం చేపట్టాల్సిన పని.

రాసిపెట్టిన చరిత్రలోనూ ఇదే లోటు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనుగొన్నారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో బొగ్గు బయటికొచ్చింది. సింగరేణి బొగ్గు గనుల చరిత్రలో ఇవన్నీ తేదీలతో సహా పదిలంగా ఉన్నాయి. బాయి పని వెతుక్కుంటూ మూటాముల్లెతో వచ్చిన ఇల్లాళ్ళ పేర్లకే అందులో చోటు లేదు. ఆ కాలాన మన దేశపు గనుల్లో భర్త తవ్విన బొగ్గును భార్య తట్టకెత్తుకుని మోయడం మామూలు. ఆమె రెక్కల కష్టం కూడా కలిస్తేనే ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగింది.

అంత పాత సంగతులు ఇప్పుడెవరికి తెలుస్తాయని చేతులెత్తేయకండి. ఇవాళ తొంభై ఏళ్ళున్న అవ్వ వాళ్ళ అమ్మమ్మ పందొమ్మిదో శతాబ్దపు మనిషి. ఆ అమ్మమ్మ ఒళ్ళో పెరిగి, ఆమె చెప్పిన ముచ్చట్లు విన్న వాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. మనకూ ఆ కాలానికీ మధ్య ఉన్నది ఒక్క మనిషే.

ఇంటిపేరు పట్టుకుని వెతికితే ముత్తవ్వ దొరకదు, పెళ్ళితో అది మారిపోయింది. తల్లిగారి ఊరేదో అడగండి. ఒడిబియ్యం పోయడానికి ఎవరు పిలిచేవారో, బతుకమ్మ పండక్కి ఏ ఊరు పోయేవారో అడగండి. "అవ్వా, నీకెవరి పేరు పెట్టారు?" అనండి. చాలా ఇళ్ళలో నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో మనవరాలికి పెట్టే ఆనవాయితీ ఉంది కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నతో రెండు తరాలు వెనక్కి పోవచ్చు. అటక మీది ఇత్తడి బిందె దింపించి అంచు చూడండి. చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, కొన్నిటి మీద ఊరు కూడా ఉంటాయి. పాత పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకంలో ఏ ఊరి చుట్టం ఎంత చదివించారో రాసి ఉంటుంది. ఆ ఊళ్ళ వరుస చూస్తే తల్లి వైపు బంధువుల జాడ తెలుస్తుంది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్ళున్నారు. 1874లో నందిగామలో పుట్టిన భండారు అచ్చమాంబ, బడి మొహం చూడకుండానే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువు నేర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు కూర్చారు. 1905లో చిన్న వయసులోనే పోయారు. ఇక మన దగ్గరే, మణుగూరు మండలం కూనవరంలో, సకిని రామచంద్రయ్య గారు కోయల వంశ చరిత్రలనూ సమ్మక్క సారలమ్మల కథనూ నోటికి పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అలాంటి ఒక్క మనిషి పోతే ఎన్ని తరాల సంగతులు పోతాయో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. మన ఇళ్ళలోని అవ్వల విషయంలోనూ అంతే.

వచ్చే సంచికలో ఒక్కో పుట ఒక్కో ముత్తవ్వకు కేటాయిస్తాం. పేరు, తల్లిగారి ఊరు, చేసిన పని, కన్న పిల్లలు, తెలిసినంత వరకే రాయండి. ఊహించి రాయకండి. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ పంపండి. బతికున్నవారి వివరాలు వారి అనుమతితోనే పంపండి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆరోగ్యం, వానలు, ధరల ముచ్చట అయ్యాక, అవ్వకు ఫోన్ ఇమ్మనండి. ఆమె చెబుతుంటే మన పిల్లల చేతే రాయించండి. అమెరికాలో పుట్టినా ఆస్ట్రేలియాలో పుట్టినా, తాము ఏ తల్లుల కష్టం మీద నిలబడ్డారో తెలుసుకునే హక్కు వాళ్ళకుంది. చెప్పే బాధ్యత మనది.

– సంపాదకవర్గం